పోస్టులో వచ్చే పాత నాణేలు పెట్టే డబ్బుకి తగినవేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

వీపీపీలో (డబ్బు కట్టి పోస్టులో విడిపించుకునే పార్సెల్), కొరియర్‌లో, ఫోన్ ఆర్డర్ మీద నాణేలు అమ్మే డీలర్ల గురించి అమలాపురం, తణుకు, భీమవరం, కాకినాడ వైపు నుంచి మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలకి ఇక్కడ ఒకేచోట జవాబులు రాశాను. సరదాకి కొనుక్కునేవాళ్ళని నేను ఆపను. "అమ్మాయి పెళ్ళి నాటికి పనికొస్తాయండీ" అంటూ కొనేవాళ్ళు మాత్రం ఆర్డర్ పెట్టే ముందు ఇది ఒకసారి చదవండి.

సూటిగా చెప్పండి. పోస్టులో నాణేలు తెప్పించుకోవడం లాభమా, నష్టమా?

తిరిగి అమ్ముకునే లెక్కలో చూస్తే చాలావరకు నష్టమే. డీలర్ చెప్పే ధరలో నాలుగు ముక్కలుంటాయి. బిళ్ళలో ఉన్న లోహం ఒకటి. సేకరించేవాళ్ళు దాని మీద పెట్టే అదనపు విలువ రెండోది. పెట్టె, సర్టిఫికెట్, ప్రకటన, కొరియర్ ఖర్చులు మూడోది. డీలర్ లాభం నాలుగోది. మొదటి రెండే మీ బీరువాలోకి వస్తాయి. మిగతా రెండూ డబ్బు కట్టగానే పోయినట్టే. నగ కొన్నప్పుడు తరుగూ మజూరీ తిరిగి రావని ఇంట్లో అందరికీ తెలుసు. నాణేల బిల్లులో ఆ తరుగుని విడిగా వేయరు కాబట్టి ఎవరికీ కనబడదు, అంతే.

కొనే ముందు ఒక పని చేయండి. అదే డీలర్‌కి ఇంకో నంబర్ నుంచి ఫోన్ చేసి, "ఈ నాణెం నా దగ్గరుందండీ, మీకు అమ్ముతాను, ఎంతిస్తారు?" అని అడగండి. అతను చెప్పిందే దాని ధర. ఆ పైన మీరు కట్టేదంతా ముచ్చట ఖరీదు. "మేం కొనం, అమ్మడమే" అంటే ఇక ఆలోచించక్కర్లేదు.

ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం కొన్నాను. రేటు పెరుగుతుందా?

ఈ ప్రశ్న వచ్చినన్నిసార్లు ఇంకేదీ రాదు. లెక్క వేసి చూద్దాం. శతజయంతి సందర్భంగా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దాన్ని విడుదల చేశారు. 44 మిల్లీమీటర్ల వెడల్పు, 35 గ్రాముల బరువు, అందులో వెండి 50 శాతం. అంటే 17.5 గ్రాముల వెండి. అప్పుడు వెండి గ్రాము 75–80 రూపాయల మధ్య ఉంది కాబట్టి లోహం విలువ 1,400 దాటదు. మింట్, అంటే సర్కారు టంకశాల మాత్రం ప్యాకింగ్‌ని బట్టి నాలుగు వేల నుంచి ఐదు వేల లోపు తీసుకుంది. దళారీ ఎవరూ లేకుండా సర్కారు దగ్గరే కొన్నా, లోహానికి మూడింతలు కట్టాం.

తర్వాత వెండి బాగా పెరిగింది కదా అంటారు. నిజమే, మీ నాణెంలోని వెండీ పెరిగింది. కానీ అదే డబ్బుకి ఆ రోజు వెండి బిస్కెట్ తీసుకుని ఉంటే చేతిలో మూడింతల వెండి ఉండేది. అన్నగారి మీద అభిమానంతో కొన్నవాళ్ళకి ఈ లెక్క అక్కర్లేదు, వాళ్ళకి కావలసింది దక్కింది. అదే నాణేన్ని మింట్ ధర మీద ఇంకో రెండింతలు వేసి "ఆఖరి స్టాకు" అని పంపే డీలర్ దగ్గర కొంటేనే నాకు బాధ.

ప్రూఫ్, యూఎన్‌సీ అంటారు. తేడా ఏమిటి?

ప్రూఫ్ అంటే పాలిష్ చేసిన అచ్చులతో జాగ్రత్తగా కొట్టిన నాణెం, అద్దంలా మెరుస్తుంది. యూఎన్‌సీ అంటే చెలామణీలోకి వెళ్ళని మామూలు నాణెం. ప్రూఫ్ ఖరీదెక్కువ. ఒక్కసారి వేలితో ముట్టుకుని ముద్ర పడేశారంటే ఆ ఎక్కువ కాస్తా పోతుంది.

"లిమిటెడ్ ఎడిషన్, ఇంకా 50 సెట్లే ఉన్నాయి" అంటున్నారు. నమ్మొచ్చా?

ఎవరి దగ్గర 50 ఉన్నాయి? ఆ డీలర్ గోడౌన్‌లోనా, దేశం మొత్తం మీదా? ప్రకటన ఎప్పుడూ ఆ సంగతి చెప్పదు. కొట్టినవి తక్కువైనంత మాత్రాన ధర రాదు, అడిగేవాళ్ళు ఎక్కువుండాలి. వెయ్యి బిళ్ళలే కొట్టిన ప్రైవేటు మెడల్‌ని కోరుకునేవాళ్ళు రెండొందల మంది ఉంటే అది అరుదైనది కాదు, ఎనిమిది వందలు మిగిలిపోయిన సరుకు.

ఈ మధ్య పది రూపాయల బిళ్ళల డిజైన్లన్నీ కలిపి సెట్టుగా అమ్ముతున్నారు. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు 14 డిజైన్లూ చెల్లుతాయని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది, గుర్తుందా? కిళ్ళీ కొట్టువాడు దగ్గర్నుంచి ఆటోవాడి దాకా ఎవరూ తీసుకోని రోజులవి. అప్పుడు పది రూపాయలకే వద్దన్న బిళ్ళని ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో పెడితే కొంటున్నాం. ఆ సెట్టు కావాలంటే బ్యాంకులో చిల్లర మార్చుకుని ఇంట్లో పిల్లల చేత ఏరించండి.

విక్టోరియా, జార్జి వెండి రూపాయలు కొనొచ్చా?

పోస్టులో కొనదగ్గ సరుకు ఏదైనా ఉందంటే నా మట్టుకు ఇదే. కింద లోహం ఉంటుంది, ఎంతకి దిగినా వెండి రేటు దగ్గర ఆగుతుంది. కాకపోతే "బ్రిటిష్ వెండి రూపాయి" అన్న ఒక్క పేరు కింద మూడు రకాల బిళ్ళలు అమ్ముతారు. అక్కడే జాగ్రత్తగా ఉండాలి.

రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత తులం. 1939 దాకా వచ్చినవాటిలో వెండి 91.7 శాతం, బిళ్ళకి దాదాపు 10.7 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయిలో వెండి సగమే, 5.83 గ్రాములు. మిగతాది రాగి 40, నికెల్ 5, జింకు 5 శాతం. చిత్రమేమిటంటే ఎన్టీఆర్ నాణెంలోదీ అచ్చం ఇదే మిశ్రమం. ఇక 1947 నాటి పులిబొమ్మ రూపాయిలో వెండి రవ్వంత కూడా లేదు, అది నికెల్. కాబట్టి ఫోటోలో ముందు చూడాల్సింది సంవత్సరం. 1944 బిళ్ళని "స్వచ్ఛమైన వెండి" అని 1904 బిళ్ళ ధరకి ఇస్తున్నాడంటే మిగతా సరుకు సంగతి కూడా అర్థం చేసుకోవచ్చు.

పాతది కాబట్టి అరుదైనది అనుకోకండి. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయి చూసి చాలామంది మురిసిపోతారు. ఆ 1862 అనే సంవత్సరాన్నే మార్చకుండా 1874 దాకా కొట్టారు, కోట్లలో ఉన్నాయి. అసలు కథ ఉన్నది 1911 నాటి ఐదో జార్జి రూపాయికి. రాజుగారి అంగీ మీది ఏనుగు తొండం పొట్టిగా ఉండి పందిలా కనబడుతోందని గొడవైంది. 1912 నుంచి బొమ్మ మార్చారు. 1911ది నిజంగానే తక్కువ, అందుకే మామూలు బిళ్ళ మీద అంకె మార్చి అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. అంకెని కాదు, ఏనుగుని చూడండి. తొండం స్పష్టంగా కిందికి దిగి ఉంటే అది 1911ది కాదు.

పార్సెల్ వచ్చాక ఇలా చూసుకోండి. పాయింటు తర్వాత రెండు అంకెలు చూపించే చిన్న డిజిటల్ కాటా కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. బాగా అరిగిన బిళ్ళ 11.4 తూగినా పర్వాలేదు. అక్షరాలు కొత్తగా మెరుస్తూ 10.8 తూగిందంటే అనుమానించాలి. తర్వాత అయస్కాంతం పెట్టండి, వెండి అంటుకోదు. ఆ తర్వాత అంచు. బిళ్ళని గోళ్ళతో నిలువుగా పట్టుకుని దీపం కింద నెమ్మదిగా తిప్పండి. అసలు దానికి నిలువు గీతలు చుట్టూ ఒకే ఎడంతో ఉంటాయి. పోత పోసిన నకిలీ అయితే అంచు మధ్యలో ఎక్కడో సన్నటి అతుకు గీత, దాన్ని ఆకురాయితో రుద్దిన జాడ కనబడతాయి. 1940ల బిళ్ళల అంచుకి మాత్రం నడిమిన కావాలనే ఒక గాడి పెట్టారు. అది దొంగనాణేలు ఆపడానికి పెట్టిన ఏర్పాటు, చూసి కంగారుపడకండి.

మన వైపు బిళ్ళల్లో ఇంకో చిక్కుంది. దండల్లో గుచ్చుకోవడానికి పైన కొక్కెం అతికించేవారు. తర్వాత కొక్కెం తీసేసినా టంకం మచ్చ పోదు. ఫోటోలో పై అంచు దగ్గర నున్నగా, రంగు తేడాగా ఉంటే అదే. అలాంటి బిళ్ళకి వెండి ధర మించి ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

రాముడి పట్టాభిషేకం ఉన్న ఈస్టిండియా కంపెనీ 1818 నాణెం పాతిక వేలంటున్నారు.

ఉచితంగా ఇచ్చినా దాన్ని నాణెం అనకండి. ఒక వైపు సీతారామలక్ష్మణులో, ఆంజనేయస్వామో, రెండో వైపు "ఈస్ట్ ఇండియా కంపెనీ, వన్ అణా" అనో "హాఫ్ అణా" అనో, 1818 అనో ఇంకా విడ్డూరంగా 1616 అనో ఉంటుంది. కంపెనీ అలాంటిదేదీ ముద్రించలేదు. పూజకని, గుడి దగ్గర అమ్మకానికని తర్వాతి కాలంలో తయారైన బిళ్ళలివి. కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే తీరు నాణేలు తెచ్చింది 1835లో. వాటి మీద ఉన్నది నాలుగో విలియం బొమ్మ.

"బియ్యం లాగుతుంది", "టార్చి వెలగనివ్వదు" అంటూ బిళ్ళకి మహిమలు అంటగట్టే మాటలు కూడా దీని చుట్టూనే తిరుగుతాయి. అది నాణేల వ్యాపారం కాదు, పచ్చి మోసం. దేవుడి బొమ్మ కదా అని పూజలో పెట్టుకుంటారా, పెట్టుకోండి. పది ఇరవై రూపాయల బిళ్ళకి పాతిక వేలు అక్కర్లేదు.

మా దగ్గరున్న వైష్ణోదేవి బిళ్ళకి పది లక్షలిస్తామని ఫోన్ వచ్చింది.

ఆ నాణేలు 2012లో మామూలుగా చెలామణీకి వదిలినవి. 5 రూపాయల బిళ్ళకి 5 రూపాయలొస్తాయి. ఫోన్ చేసినవాడు ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అంటాడు, తర్వాత జీఎస్టీ అంటాడు, ఆ తర్వాత రిజర్వు బ్యాంకు క్లియరెన్స్ అని లెటర్‌హెడ్ మీద కాగితం పంపిస్తాడు. ఇలాంటి కొనుగోళ్ళతో తమకి ఏ సంబంధం లేదని, ఎవరికీ కమీషన్లు వసూలు చేసే అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. డబ్బు పంపేసి ఉంటే రేపటిదాకా ఆగకండి, ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బుని అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. 786 అంకె ఉన్న నోట్ల పేరుతో వచ్చే ఫోన్లకీ ఇదే జవాబు.

2027 పుష్కరాలకి వెండి నాణేల బుకింగ్ అని ప్రకటన వస్తే కట్టొచ్చా?

నాణేలు జారీ చేసే హక్కు భారత ప్రభుత్వానికి ఒక్కదానికే ఉంది. 2011 నాటి నాణేల చట్టం చెప్పేదీ అదే. మిగతా ఎవరు గోదావరి మాత బొమ్మ వేసి అమ్మినా అది మెడల్, మంచి మాటలో జ్ఞాపిక. వెండిదైతే హాల్‌మార్క్, స్వచ్ఛత, బరువు అడిగి, ఆ రోజు వెండి రేటుతో గుణించి చూసుకోండి. పుష్కరాలకి రాజమండ్రి వచ్చే చుట్టాలకి ఇవ్వడానికైతే తీసుకోండి, బాగుంటుంది. దాచుకుంటే పెరుగుతుందన్న మాట మాత్రం ఎవరూ నిలబెట్టుకోలేరు.

"బంగారు పూత" అని ఉంటే ఇంకా జాగ్రత్త. మైక్రాన్లలో ఉండే పూతలోని బంగారం ఏ కంసాలీ లెక్కలోకి తీసుకోడు. "24 క్యారెట్" అన్న మాట పెద్ద అక్షరాల్లో, "ప్లేటెడ్" చిన్న అక్షరాల్లో ఉంటాయి.

రైల్లోంచి గోదాట్లో వేసే నాణేల్ని పిల్లలు ఏరి అమ్ముతుంటారు. అందులో మంచివి దొరకవా?

అయస్కాంతం తాడుకి కట్టి లాగితే వచ్చేవి దాదాపు అన్నీ స్టీలు బిళ్ళలే, అంటే ఈ నలభై ఏళ్ళ లోపువి. రాగి, వెండి, కుప్రోనికెల్ అయస్కాంతానికి రావు. వలకి చిక్కినా ఇసకలో రాపిడి తిని బొమ్మ అరిగిపోయి ఉంటాయి. చూడ్డానికి సరదాగా ఉంటుంది గానీ సేకరణకి పనికిరావు.

"యానాం ఫ్రెంచి నాణెం", "పాలకొల్లు డచ్చి నాణెం" అని పంపిస్తున్నారు. ఇవి అసలువేనా?

బిళ్ళ అసలుదే కావచ్చు, ఊరి పేరు మాత్రం అల్లికే అయ్యుంటుంది. డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలోనే పాలకొల్లులో వర్తక స్థావరం పెట్టారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. అయితే వీఓసీ (డచ్చి ఈస్టిండియా కంపెనీ) అక్షరాలు పెనవేసుకుని ఉండే చిన్న రాగి "డ్యూట్" హాలండ్‌లో లెక్కలేనన్ని కొట్టి ఎక్కువగా జావా వైపు పంపినది. తేలిగ్గా, చవగ్గా దొరుకుతుంది. దాని పక్కన పాలకొల్లు అని రాయగానే ధర పెంచితే, ఆ పెంచింది కథకి.

యానాం సంగతీ అంతే. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న మాట నిజం. అంతమాత్రాన ఫ్రెంచి అక్షరాలున్న ప్రతి బిళ్ళా యానాంది కాదు. పెద్దగా, బరువుగా ఉండే ఇండోచైనా పియాస్టర్‌ని ఇలా అంటగడుతుంటారు. అది వియత్నాం వైపు వాడిన డబ్బు, పైగా దానికి నకిలీలు బోలెడు. ఫ్రెంచి ఇండియాకి సంబంధించిన అసలు సరుకు కావాలంటే పుదుచ్చేరి ఫనాలు అనే చిన్న వెండి బిళ్ళలు, బ్యాంక్ ద లాండోషీన్ అనే ఫ్రెంచి బ్యాంకు రూపాయి నోట్లు చూడండి. అవి కూడా తెలిసినవాళ్ళకి చూపించకుండా కొనొద్దు.

రాజరాజనరేంద్రుడి బంగారు నాణెం ఉందని వాట్సాప్‌లో ఫోటో వచ్చింది.

వద్దు. వేంగీ చాళుక్యుల వరాహ ముద్ర బంగారు నాణేలు నిజంగానే ఉన్నాయి. శక్తివర్మవి, రాజరాజనరేంద్రుడివి సముద్రం అవతల అరకాన్ తీరంలో కూడా దొరికాయి. అవి కొరియర్‌లో తిరిగే సరుకు కాదు. నకిలీ అయితే డబ్బు పోతుంది, అసలైతే చట్టం చుట్టుకుంటుంది. నూరేళ్ళు దాటిన నాణేలు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువులు. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి, దేశం దాటించడం కుదరదు. పునాదులు తవ్వుతుంటే కుండలో దొరికాయని అమ్మేవాడి దగ్గర అసలు కొనొద్దు. అలా దొరికిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి తెలియజేయాలని 1878 నాటి చట్టం ఇప్పటికీ చెబుతోంది. పాత నాణేలు చూడాలని ఉంటే రాజమండ్రిలో రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం ఉంది.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. అక్కడి కంపెనీల నుంచి తెప్పించుకోవచ్చా?

అక్కడా ఇదే కథ, కాగితం ఇంకొంచెం నున్నగా ఉంటుంది. 1999 నుంచి 2008 దాకా రాష్ట్రాల పేరుతో వచ్చిన పావు డాలర్లని రంగులేసి, పూత పూసి పెట్టెల్లో అమ్మారు. ఆ బిళ్ళలు కొట్టింది మూడు వేల కోట్లకి పైగా. అక్కడి నుంచి ఏదైనా తెచ్చుకోవాలనుంటే పాత మోర్గాన్ డాలర్ ఒకటి చాలు. 26.73 గ్రాములు, 90 శాతం వెండి. అబ్బాయిని దగ్గర్లోని నాణేల దుకాణానికి వెళ్ళి చూసి తీసుకోమనండి. పోస్టులో ఇక్కడికి పంపిస్తే కస్టమ్స్ సుంకంతో మొదటి లెక్కంతా మారిపోతుంది.

వీపీపీ మంచిదా, ముందే డబ్బు కట్టడం మంచిదా?

వీపీపీలో కూడా డబ్బు కట్టాకే పార్సెల్ చేతికొస్తుంది, విప్పి చూసి కట్టే వీలుండదు. కాబట్టి అది రక్షణ అనుకోవద్దు. ఆర్డర్ ముందే మూడు రాయించుకోండి: నాణెం రెండు వైపులా ఫోటో, బరువు, "నచ్చకపోతే ఇన్ని రోజుల్లో వాపసు" అన్న మాట. వాట్సాప్‌లో ఉన్నా చాలు. పార్సెల్‌ని ఫోన్‌లో వీడియో తీస్తూ విప్పండి, కాటా మీద పెట్టేదాకా ఆపకండి. మొదటిసారి చిన్న ఆర్డరే పెట్టండి. సరుకు బాగున్నా సరే, ఒక బిళ్ళ వాపసు పంపి చూస్తే ఆ డీలర్ ఎలాంటివాడో తెలిసిపోతుంది.

మోసపోతే ముందు 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. డీలర్ ముంబైలో ఉన్నా మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 2019 చట్టంతో వచ్చిన సౌకర్యం ఇది. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వేయాలి.

వచ్చిన నాణేలు నల్లగా ఉన్నాయి. చింతపండుతో తోమొచ్చా?

ఇత్తడి బిందె తోమినట్టు తోమితే తళతళలాడుతుంది, ధర మాత్రం సగానికి పడిపోతుంది. చింతపండు, విభూది, పేస్టు, నిమ్మకాయ ఏదీ వద్దు. వెండి మీద ఏళ్ళ తరబడి పట్టిన నలుపు కొనేవాడికి కావాలి. మరీ మట్టిగా ఉంటే మామూలు నీళ్ళలో ముంచి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి.

మన కోనసీమ గాలి నాణేలకి పెద్ద శత్రువు. వానాకాలం వచ్చిందంటే బీరువాలో బట్టలకే బూజు పడుతుంది, రాగి కాణీలకి చిలుము పట్టదా? డీలర్లు పంపే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు చాలావరకు పీవీసీవి. కొన్నాళ్ళకి నాణెం మీద పచ్చటి జిగురు వదులుతాయి. నాణేలకని దొరికే అట్ట ఫ్లిప్పుల్లోకి (మడత కవర్లలోకి) మార్చి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, అవి చెమ్మ పీల్చేసుకున్నాక మార్చండి. సముద్రం దగ్గర అంతర్వేదో, ఉప్పాడో అయితే ఇంకా తరచుగా చూసుకోవాలి.

మరి ఎక్కడ కొనమంటారు?

స్మారక నాణేలు కావాలంటే మింట్ వెబ్‌సైట్‌లోనే బుక్ చేసుకోండి. రావడం ఆలస్యమైనా ధర అసలు ధరే ఉంటుంది. చిల్లు కాణీ, బేడ, పావలా లాంటివి పిల్లలకి చూపించడానికైతే ఏ డీలర్ దగ్గరైనా తీసుకోండి, పోయేది పెద్దగా ఏమీ లేదు. ఖరీదైన మొగలాయి, కంపెనీ నాణేలకైతే లైసెన్సున్న వేలం సంస్థలు నయం. వాటి పాత వేలాల్లో ఏది ఎంతకి పోయిందో చూసుకోవచ్చు. డీలర్ జాబితాలో ఉన్నది అడిగే ధర, వేలంలో ఉన్నది ఇచ్చిన ధర.

వెండి రూపాయలకి మాత్రం పోస్టు దాకా పోనక్కర్లేదు. రాజమండ్రిలోనో, నరసాపురంలోనో, భీమవరంలోనో పాత వెండి కొనే కొట్టువాళ్ళతో పరిచయం పెంచుకోండి. ఇళ్ళల్లోంచి మార్పిడికి వచ్చిన రూపాయలు వాళ్ళ దగ్గరికే చేరతాయి. వెండి రేటు మీద కొంచెం వేసిస్తే కరిగించే ముందు మిమ్మల్ని ఏరుకోనిస్తారు. కాటా వాళ్ళదే, అయినా మీదొకటి పట్టుకెళ్ళండి.